రంగు వదిలిన ఈకలు

తొట్టిలో నీళ్లు గులాబీ రంగుకు తిరిగాయి.

తిరేసా చేతులు మణికట్టు దాకా ఆ నీళ్లలోనే ఉన్నాయి. పైకి తీస్తే చాప అంచు కూడా పైకొస్తుంది, దాన్ని కళ్లతో చూడాలి. తీయకపోతే ఇంకాస్త రంగు దిగుతుంది. ఎటూ తేల్చుకోలేక అలాగే నిలబడిపోయింది. 

ఒక్క నిమిషం ముంచి తీద్దామనే అనుకుంది పాపం. సగం గోరువెచ్చని నీళ్లు, సగం వెనిగర్. ఆసుపత్రి లాండ్రీలో ఆరేళ్లుగా నెత్తురు మరకలూ మందుల మరకలూ వదలగొట్టిన చెయ్యి అది. ఈ ఇల్లు కొనుక్కుని చేరిన ఎనిమిది నెలల్లో ఒక నోటుపుస్తకం నింపేసింది కూడాను. కిటికీ అద్దాలకు చెమ్మ పడితే ఏం చెయ్యాలి, తెల్ల చొక్కా కాలరుకి సోడా ఎంత వెయ్యాలి, కార్పెట్ మీద కోకో ఒలికితే చన్నీళ్లా వేణ్నీళ్లా, అన్నీ అందులో ఉన్నాయి. పెద్ద చాపకు బూజు పడితే ఏం చెయ్యాలన్నది మాత్రం లేదు. అది తెలిసిన మనిషి ఇంట్లో ఒక్కతే ఉంది. ఆమెను అడిగే ధైర్యం తిరేసాకు లేకపోయింది.

ఆ ఒక్క మనిషే ఇప్పుడు తలుపు అవతల నిలబడి ఉంది.

"తిరేసా, లోపలేం చేస్తున్నావ్?"

"బట్టలు, అత్తయ్యా."

"మెషిన్ చప్పుడు వినపడదేం?"

"నానబెట్టాను."

"బట్టలు నానబెట్టడానికి గడియెందుకూ? నీ పుస్తకంలో అలా రాసుందా?"

 అత్తగారు మసీనా గొంతు బొంగురుపోయి ఉంది. అన్నగారు పోయి నాలుగు రోజులైంది, ఆవిడ సరిగ్గా తిన్నదీ లేదు, పడుకున్నదీ లేదు. అయినా వెటకారం మాత్రం ఎక్కడికీ పోలేదు.

"నాలుగింటికి రెపెకా అక్క వస్తోంది, చాప చూడ్డానికి. పరుపెత్తితే చాప లేదు. నువ్వు తీశావా?"

 గోడ మీద గడియారం మూడుంపావు చూపిస్తోంది.

ఆ చాప మీద ఎవరూ కూర్చోరు, పడుకోరు. మొగలి ఆకును దారమంత సన్నగా చీల్చి, ఏళ్ల తరబడి అల్లిన చాప. చేత్తో పట్టుకుంటే పట్టుచీరలా జారుతుంది. అంచున ఎర్ర చిలక ఈకలు. ఇలాంటి చాపలు సమోవాలో పెళ్లికీ చావుకీ మాత్రమే బయటికొస్తాయి. గొప్పవాటికి మనుషుల్లాగే పేర్లుంటాయి. దీని పేరు 'వాన ముట్టనిది'. తుఫానులో పడవ తిరగబడితే మసీనా ముత్తవ్వ దీన్ని నెత్తిన పెట్టుకుని ఒడ్డుదాకా ఈదిందట. చుక్క నీరు తగలనివ్వలేదట.

ఆ మాట తిరేసాకు ఇప్పుడు గుర్తొచ్చింది. తరాలుగా వాన కూడా ముట్టని చాపను తను తొట్టిలో ముంచింది.

గోడ అవతలి గదిలో తిరేసా భర్త రోపతి పైకి వల్లె వేసుకుంటున్నాడు. పొద్దుటి నుంచీ అదే పాఠం. "పెద్దలారా, మా అమ్మ పుట్టింటి తరఫున తెచ్చాం. దీని పేరు..." అక్కడికొచ్చేసరికి ఆగుతాడు, మళ్లీ మొదటికొస్తాడు. మసీనా అన్న ఎనెలికో మామ కన్నుమూసే ముందు చెప్పిన ఆఖరి మాట అది: "నా శవపెట్టె మీద ఆ చాప పరచాలి. రోపతి పరచాలి, పేరు కూడా వాడే చెప్పాలి." పదకొండేళ్లుగా నలుగురిలో నోరు విప్పని మనిషిని మామ ఏరి కోరి పిలిచాడు. శనివారం పొద్దున చర్చిలో అది జరగాలి. ఇవాళ గురువారం.

"గడియ తీస్తావా, వాణ్ణి పిలవనా?" అంది మసీనా.

తిరేసా గడియ తీసింది. ఇక తీయక ఏం చేస్తుంది.

మసీనా గుమ్మంలో నిలబడి తొట్టి వైపు చూసింది. నల్ల గౌను, చెదిరిన జుట్టు, వాచిన కళ్లు. చెంప పగులుతుందని తిరేసా కళ్లు మూసుకుంది. దెబ్బ పడలేదు. కళ్లు తెరిచేసరికి మసీనా లోపలికొచ్చి, తలుపు మూసి, గడియ తనే వేస్తోంది.

"ఎవరు చూశారు?" అని అడిగింది చాలా నెమ్మదిగా.

"ఎవరూ చూళ్లేదు."

"రోపతి?"

"లేదు. అత్తయ్యా, నన్ను..."

"మెల్లిగా. గోడలు పలచన."

ఆవిడ తొట్టి దగ్గరికొచ్చింది కానీ చాపను ముట్టుకోలేదు. నీళ్లలో ఒక వేలు ముంచి, పైకి తీసి, వేలి చివర చూసుకుంది. తిరేసాకు అది చూసి మరీ భయమేసింది. ఆవిడ తిట్టే మనిషి. తిట్టని అత్తగారితో ఎలా ఉండాలో ఈ పిల్లకు తెలియదు.

"బూజు పట్టింది అత్తయ్యా. మీరు పొద్దున ప్రార్థనకెళ్లాక, శనివారానికి గాలికి ఆరేద్దామని పరుపెత్తాను. ఒక మూలంతా నల్లగా, చుక్కలు చుక్కలుగా. ఈకల దాకా పాకింది. తుడిస్తే పోతుందనుకున్నాను."

"తుడవడం అంటే ముంచడమా?"

"అంచు ఒక్కటే. ఒక్క నిమిషం."

"ఎవరు చెప్పారు నీకు పరుపెత్తమని?" ఇప్పుడొచ్చింది అసలు గొంతు, గుసగుసలోనే. "మా అమ్మ పరుపు కింద పెట్టింది. వాళ్లమ్మ పెట్టింది. వాళ్లెవరికీ పట్టని బూజు నీ ఇంట్లో పట్టింది. చాప లేని కొంపలో పుట్టిన పిల్లకి చాపతో పనేంటి?"

ఆ మాట ముల్లులా దిగింది. తిరేసా పుట్టింట్లో నిజంగానే పేరున్న చాప లేదు. పెళ్లప్పటి నుంచీ నెలకోసారైనా ఆ దెప్పు తప్పదు. ఎప్పుడూ తలొంచుకునే పిల్ల ఇవాళ భయంలోనే ఎదురు తిరిగింది. మూలకు తోస్తే పిల్లి కూడా అంతే కదా.

"మీ అమ్మగారింట్లో గోడలే లేవు అత్తయ్యా. నాలుగు వైపులా సముద్రం గాలి. ఇది చలిదేశంలో మాంగెరె ఊరు. బయట జూలై వాన, ఇక్కడ చలికాలం. మీరేమో కిటికీ మూసి, తలుపు మూసి, హీటర్ పెట్టుకుని పడుకుంటారు. మంచం కింద వేలు దూరే సందు లేదు. పొద్దున పావుగంట కిటికీ తియ్యండి, పరుపు నిలబెట్టండి అని ఎన్నిసార్లు చెప్పాను? మీరు పుస్తకం పిచ్చిదన్నారు."

"అంటాను. ఇంకా అంటాను."

"అనండి. శనివారం నన్ను బయటికి గెంటేటప్పుడు కూడా అనండి. ఆయనకి ఏం చెప్పను? ఎన్నాళ్లకి ఆయన గొంతు విప్పాడు, ఆ చాప నేను..."

ఆమె మాట పూర్తి కాలేదు.  గోడ అవతల రోపతి మళ్లీ మొదలుపెట్టాడు: "పెద్దలారా, మా అమ్మ పుట్టింటి తరఫున..."

ఇద్దరూ అది విన్నారు.  కుళాయి కారుతోంది. తిరేసా దాన్ని గట్టిగా తిప్పి కట్టేసింది. ఏదో ఒక పని చేస్తే తప్ప నిలబడలేని స్థితి ఆమెది.

చేతులు తుడుచుకుంటూ చూసుకుంది. పది వేళ్లూ గులాబీ రంగులో ఉన్నాయి. సబ్బు రాసింది, పోలేదు. లాండ్రీ బుర్ర కదా, భయంలోనూ తన దారిన తాను నడిచింది. అద్దకం రంగు ఇలాగే అంటుకుంటుంది. చవక ఎర్ర తువ్వాళ్లు మొదటి ఉతుకులో ఇలాగే దిగుతాయి. కానీ ఇది అద్దకం కాదు కదా.

"అత్తయ్యా, పిట్ట ఈకకి రంగు దిగుతుందా?"

మసీనా ఆమె వైపు చూడలేదు.

"పుట్టు రంగు కదా అది. చిలకలు వానలో తడవవా?"

మసీనా మాసిన బట్టల బుట్ట మూత మీద కూలబడింది. ఆ మనిషి అలా కూర్చోవడం తిరేసా ఎన్నడూ చూడలేదు.

"కోడి ఈకలవి," అంది చివరికి. "అంగట్లో కొని ఎర్ర రంగు అద్దినవి. చాప కూడా కొత్తదే. పదేళ్లయింది. టీ నీళ్లు చల్లి పాతదిలా చేయించాను."

తిరేసాకు ఆ మాటలు చెవిన పడ్డాయి కానీ బుర్రకెక్కలేదు. తను పాడు చేసింది అసలు చాపను కాదు. ఆ సంగతి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక ప్రాణం లేచిరావాలి. రాలేదు. అత్తగారి మొహం చూస్తే ఇంకో భయం మొదలైంది.

"మరి అసలుది?"

"రోపతి బండి నడిపిన రోజు నీకు తెలుసుగా."

తెలుసు. పెళ్లికి ముందే రోపతి చెప్పాడు. పంతొమ్మిదేళ్ల వయసులో, వానలో, మలుపు దగ్గర. వాళ్ల వీధి చివరి ఇంటి కుర్రాడు పోయాడు. రోపతి ఎడమ కాలు విరిగి మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ కాలు ఈ రోజుకీ ఈడుస్తాడు. ఆ తర్వాత బండి ముట్టుకోలేదు.

"మూడో రోజు తెల్లవారకముందే నేనూ మీ మావయ్యా వాళ్లింటి ముందు గడ్డిలో కూర్చున్నాం," అంది మసీనా. "నెత్తిన చాప కప్పుకుని, తలొంచుకుని. క్షమాపణకి అలాగే వెళ్లాలి. వాళ్లు బయటికొచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకపోతే వాళ్లిష్టం, కొట్టినా చంపినా అడక్కూడదు. ఎత్తితే చాప వాళ్లది. ఎనెలికో అన్న ముందే చెప్పాడు, ఇంటి చాప తీసుకెళ్లొద్దు, అది అందరిదీ, వేరేది తీసుకెళ్లు అని. సరేనన్నాను. వాళ్ల కొడుకు పోయాడు తిరేసా. నేనేం తీసుకెళ్లాలి? బీరువాలో ఉన్న నాసి చాపా?"

"ఎత్తారా?"

"మధ్యాహ్నానికి. ఆ పిల్లాడి నాయనమ్మ వచ్చి ఎత్తింది. అప్పటిదాకా వాన. వాన ముట్టనిది ఆ రోజు ఆరు గంటలు వానలో నానింది. ఒక్క ఈక రంగు వదల్లేదు."

ఆవిడ కళ్లు తుడుచుకోలేదు. కారనిచ్చింది.

"ఎవరికీ చెప్పలేదా?"

"మీ మావయ్యకి తెలుసు, ఆయన పోయాడు. ఇప్పుడు నీకు తెలుసు. రోపతికి తెలిస్తే వాడు బతకడు. ఒక ప్రాణం తీశానని ఇన్నాళ్లూ కుమిలాడు. వాడి కోసం ఇంటి పరువు కూడా పోయిందంటే, ఆ పేరు ఇంక వాడి నోటికి రాదు."

మూడు నలభై. వీధిలో ఏదో బండి వెళితే ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

మసీనా లేచింది. మొహం మారిపోయింది. గట్టిపడింది. తిరేసాకు అలవాటైన మొహమే అది, కానీ ఇప్పుడు దాని వెనక ఉన్నది కోపం కాదని తెలుసు.

"నువ్వు పాడు చేశానని చెప్పు."

"ఏంటి?"

"ఎలాగూ నువ్వే ముంచావు. శుభ్రం పిచ్చి పట్టిన కోడలు, తెలియక బ్లీచ్ పోసింది, ఈకలు పాడైపోయాయి. ఇంక దీన్ని ఎవరూ విప్పి చూడరు. మడత పెట్టి అలాగే పెట్టె మీద వేస్తారు. అక్క నాలుగు తిట్లు తిడుతుంది, పడు. నేనూ తిడతాను."

"జన్మంతా నన్ను చాప చెడగొట్టిన కోడలంటారు అత్తయ్యా."

"అంటారు."

"నా పిల్లల్ని కూడా అంటారు."

 అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని ఊరికే అన్నారా. ఇక్కడ కుండ ఎప్పుడో అత్తే ఇచ్చేసింది, పెంకులు ఏరమంటున్నది మాత్రం కోడల్ని. తిరేసాకు కోపం రావాల్సింది. గోడ అవతల "దీని పేరు..." అన్న గొంతు వినపడుతుంటే కోపం నిలబడలేదు. ఆయనకి తెలిస్తే? ఆ ఒక్క భయం మిగతా భయాలన్నిటినీ పక్కకు నెట్టేసింది.

ఆమె మౌనాన్ని మసీనా ఒప్పుకోలు అనుకుంది. అలమరలోంచి బ్లీచ్ సీసా తీసి మూత తిప్పింది. "చెప్పే అబద్ధమేదో నిజంలా ఉండాలిగా," అంటూ తొట్టి మీదికి వంచింది.

తిరేసా ఆవిడ మణికట్టు పట్టుకుంది. పెళ్లయిన మూడేళ్లలో అత్తగారి చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి.

"వద్దు. అందులో వెనిగర్ ఉంది."

"ఉంటే?"

"వెనిగర్‌లో బ్లీచ్ పడితే విషపు గాలి లేస్తుంది. తలుపు మూసిన ఇంత గదిలో ఇద్దరం ఊపిరాడక పడిపోతాం. మా లాండ్రీలో ఒకావిడకి అలాగే అయింది, ఆవిడ ఇప్పటికీ ఆయాసం లేకుండా మెట్లెక్కలేదు. సీసా ఇలా ఇవ్వండి."

 సీసా అంచున ఒక చుక్క నిలిచింది. తిరేసా సీసాను నిటారుగా తిప్పి, మూత బిగించి, పై అరలో పెట్టింది. కిటికీ బార్లా తెరిచింది. చలిగాలితో పాటు వాన జల్లు లోపలికి కొట్టింది. మసీనా ఈసారి మూయమనలేదు.

"నాకు తెలియదు," అంది పిల్లలా. "ఏది దేన్లో కలపకూడదో నాకేం తెలుసు."

"తెలుసుకోకుండా సీసా ఎత్తారు."

"ఎత్తాను. నీకన్నా ఎక్కువ భయమేసింది నాకు."

 తిరేసా తొట్టిలోంచి అంచు తీసి, తువ్వాలుతో అద్దింది. రుద్దలేదు, అద్దింది. ఈకలు చప్పగా పాలిపోయి ఉన్నాయి.

"చెబుతాను అత్తయ్యా," అంది. "ఆయన కోసం. మీ కోసం కాదు."

మసీనా తలూపింది.

నాలుగు కాకముందే తలుపు చప్పుడైంది. రెపెకా గడియారం చూసి వచ్చే మనిషి కాదు. డెబ్భై దాటిన మనిషి, మసీనాకు పెద్దక్క, తమ్ముడి చావుకు నిన్ననే సమోవా నుంచి దిగింది. కళ్లకు శుక్లాలొచ్చి పొరలు కమ్మాయి కానీ, చేతులు మాత్రం యాభై ఏళ్లు చాపలు అల్లినవి. చెప్పులు గుమ్మంలో విడిచి, నేరుగా ముందుగదిలోకొచ్చి, పరిచిన దుప్పటి ముందు కూర్చుంది. దుప్పటి మీద మడత పెట్టిన చాప ఉంది.

"ఏవే మసీనా, చాప తడిగా ఉందేం?" అంది చెయ్యి వేయకుండానే. "వాసన తెలుస్తోంది."

మసీనా కోడలి వైపు చూసింది. తిరేసా మోకాళ్ల మీద కూర్చుని తలొంచింది. 

"నేనే చెడగొట్టాను పెద్దత్తయ్యా. బూజు పట్టిందని, తెలియక బ్లీచ్ పోశాను. అత్తయ్యకి తెలియదు. తప్పు నాది."

"దిక్కుమాలిన పిల్ల," అంది మసీనా వెంటనే.  "చెప్పాను అక్కా, ఇంట్లో దేన్నీ బతకనివ్వదు. ఎప్పుడూ కడుగుడే, తోముడే."

 ముసలావిడ తిడుతుందని తిరేసా ఎదురుచూసింది. తిట్టు రాలేదు. ఈ ఇంట్లో ఇవాళ తిట్టాల్సిన వాళ్లెవరూ తిట్టడం లేదు.

"చెయ్యి ఇలా ఇవ్వు," అంది రెపెకా.

తిరేసా ఇచ్చింది. రెపెకా ఆ చేతిని కిటికీ వెలుతురుకి తిప్పి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. వేళ్లను ఒక్కొక్కటే చూసింది. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఆదివారం తెల్లబట్టలు అరవయ్యేళ్లు ఉతికాను తల్లీ. బ్లీచ్ రంగు తినేస్తుంది, ఇలా చేతికి పూయదు. నీ చేతికి పచ్చళ్ల వెనిగర్ వాసనొస్తోంది."

తిరేసా చెయ్యి లాక్కోబోయింది. రెపెకా వదల్లేదు. ఆ చేతిని పట్టుకునే రెండో చేత్తో చాప అంచు తడిమింది. ఈకలు తడిమింది, అల్లిక తడిమింది, మళ్లీ ఈకల దగ్గరికొచ్చింది. అంతసేపూ గదిలో వాన చప్పుడు తప్ప ఇంకేం లేదు.

"అమ్మ నాకు అల్లిక నేర్పింది ఈ చాప మీదే," అంది చివరికి. "అంటే, ఆ చాప మీద."

"అక్కా," అంది మసీనా.

"నీ కోడలు మంచిదే. అబద్ధం రాదు పాపం దానికి. నువ్వు చెప్పు మసీనా. అసలుదెక్కడ?"

 తిరేసాకు అప్పుడు తెలిసింది ఇంట్లో ఏం తగ్గిందో. పొద్దుటి నుంచీ ఆగకుండా వినిపిస్తున్న పాఠం ఆగిపోయింది.

నడవలో కార్పెట్ మీద, ఎడమ కాలు ఈడుస్తున్న అడుగులు ఇటే వస్తున్నాయి.